కింది సగం లేని కాగితం

ఫోను మోగితే ఉలిక్కిపడి లేస్తాను. ఏం తప్పు చేసి దాక్కున్నావు అని మా ఆయన ఆట పట్టిస్తాడు. ఒకప్పుడైతే నేనూ తిప్పి ఒకటి అనేదాన్ని. ఇప్పుడు ముందు ఫోను ఎత్తుతాను.

నేను నారాయణఖేడ్‌లో బడిపిల్లలకు సైన్సు చెబుతాను. చుట్టుపక్కల ఊళ్లలో తాగే నీళ్లు, చేలకు కొట్టే మందులు, వాటివల్ల వచ్చే జబ్బులు పట్టించుకునే కొద్దిమందిమి కలిసి ఒక బృందంగా ఏర్పడ్డాం. నాలాంటి టీచర్లు, ఊళ్లలో సూదులు వేసే నర్సులు, నలుగురైదుగురు రైతులు, బోరు మోటార్లు బాగుచేసే ఒక మెకానిక్, అంతే. చిన్న పెట్టెలో వచ్చే సీసాలతో, మందు చుక్కలతో బోరు నీళ్లు పరీక్ష చేసి ఆ ఊరివాళ్లకు సంగతి చెప్పడం మా పని. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటాడు మా ఆయన. నేను కత్తిపీటనే, ఒప్పుకుంటాను.

ఏ ఊరికి పోయినా అడిగినవే అడుగుతారు. నీళ్లు తియ్యగ ఉన్నయి గద, మంచియే గద? పత్తికి కొట్టిన మందు డబ్బా మూడుసార్లు కడిగితే నీళ్లు పట్టుకోవచ్చునా? ఫిల్టర్ నీళ్లు తాగితే మోకాళ్లు నొస్తయంట, నిజమేనా? ప్రతిచోటా గొంతు చించుకునే బదులు, ఎక్కువగా అడిగే ప్రశ్నలూ జవాబులూ ఒక కాగితం మీద రాసి పంచుదాం అనుకున్నాం. చేతిరాత బాగుంటుందని ఆ పని నా నెత్తిన పడింది. పడింది అనడం అబద్ధం, నేనే లాక్కున్నాను.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది, మరగబెడితే సరిపోతదా అని. దాన్ని అన్నిటికంటే పైన పెట్టి, జవాబు రెండు ముక్కల్లో రాశాను. నీళ్లు బాగా మరగబెట్టి తాగండి, రోగాలు తెచ్చే క్రిములు చస్తాయి అన్నది మొదటి ముక్క. ఎరువుల నుంచి, పెంటకుప్పల నుంచి బోరులోకి దిగే నైట్రేట్ మాత్రం మరగబెడితే పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది, అలాంటి నీళ్లతో ఆరు నెలల లోపు పిల్లలకు పాలపొడి కలపొద్దు, పెదవులూ గోళ్లూ నీలంగా మారి ప్రాణం మీదికి వస్తుంది అన్నది రెండో ముక్క. రాసి రెండుసార్లు చదువుకొని, ఎంత తేలిగ్గా చెప్పానో అని మురిసిపోయాను.

కాగితం బయటికి పోయిన కొన్నాళ్లకే తలనొప్పులు మొదలయ్యాయి. అడగకుండా తన బోరు ఫొటో మా వాట్సాప్ గ్రూపులో పెట్టారని ఒక రైతు ఇంటి మీదికి వచ్చాడు. ఒక ఊరి పాత ఫలితం కొత్తదని ఇంకో ఊళ్లో తిరిగింది. అందుకని పంచుకోవడానికి నియమాలు రాశాను. మనుషుల పేర్లు, ఫొటోలు వాళ్లను అడగకుండా పెట్టొద్దు. ఊరూ తేదీ లేకుండా ఫలితం పంపొద్దు. కాగితం పంపితే పూర్తిగా పంపాలి, ముక్క కత్తిరించి పంపొద్దు. తప్పినవాళ్లను గ్రూపులోనే కడిగేసేదాన్ని. వెనక నన్ను రూల్స్ మేడం అంటారని తెలుసు. ఆ పేరు విని లోపల్లోపల సంతోషపడ్డాను కూడా.

వానలు కాస్త తెరిపిచ్చిన రోజుల్లో, బడికి సెలవున్న ఒక పొద్దున మా బృందంలోని నర్సు ఫోను చేసింది. కల్హేర్ వైపు ఒక ఊళ్లో పనిచేస్తుంది. నెమ్మది మనిషి. ఆ పొద్దున ఆమె గొంతులో నెమ్మది లేదు. పైపు పగిలి వారం రోజులుగా ఆ ఊళ్లో నల్లా నీళ్లు రావడం లేదట. వెనకవాడలో పెంటకుప్పను ఆనుకొని ఒక ఇంటివాళ్ల పాత బోరు ఉంటే మళ్లీ దాన్నే వాడుతున్నారట. ముందురోజు సాయంత్రం ఆ నీళ్లు పరీక్ష చేస్తే సీసా ముదురు గులాబీ రంగుకు తిరిగింది. నైట్రేట్ బాగా ఉందన్నమాట. ఆ ఇంట్లో మూడు నెలల పాప ఉంది. తల్లికి పాలు చాలక పాలపొడి పడుతున్నారు.

పొద్దున్నే చెబుదామని పోతే ఇంటికి తాళం వేసి ఉందట. మొక్కు తీర్చుకోవడానికి నాయనమ్మ, తల్లి, పాప బోరంచ నల్లపోచమ్మ గుడికి పోయారని పక్కింటావిడ చెప్పింది. తల్లి ఫోను మోగుతోంది గాని ఎత్తడం లేదు.

"ఇంకో ముచ్చట చెప్పింది మేడం పక్కింటామె," అంది నర్సు. "ఆ ముసలవ్వ పాప కోసమని నీళ్లు సగమయ్యేదాంక మరగబెడ్తదంట. కోడలి ఫోన్ల మన కాగితమే ఉన్నదంట. మరగబెట్టి తాగుమన్నదే ఉన్నది, దాని కిందిది లేదంట."

సగమయ్యేదాకా మరగబెట్టడం అంటే పాప సీసాలోకి ఆ విషం రెండింతలు పోస్తున్నట్టే. బోరంచ నీకే దగ్గర, జల్దీ పో మేడం, నేను ఊళ్లో మిగతావాళ్లకు చెబుతాను అంది నర్సు.

వెంటనే బయల్దేరానని రాస్తే బాగుంటుంది. ముందు గ్రూపు తెరిచాను. కాగితం ఎవరు కత్తిరించారో వాళ్లు ముందుకు రావాలని, ఒక పసిప్రాణం వాళ్ల మెడకు చుట్టుకుంటుందని రాశాను. మెకానిక్ మీద నాకు మొదటి నుంచీ అనుమానం. ఏది దొరికినా కత్తిరించి స్టేటస్ పెట్టుకునే అలవాటు అతనిది. పేరు రాయలేదు గాని, మోటార్లు విప్పినంత తేలిగ్గా కాగితాలు విప్పేవాళ్లు మనలో ఉన్నారని రాశాను. చెప్పులు వేసుకునేలోపు అతను గ్రూపులోంచి వెళ్లిపోయాడు. దొంగ దొరికాడు అనుకున్నాను. ఆ ఫొటో ఒకసారి నాకు పంపమని నర్సును అడగాలని మాత్రం తట్టలేదు. కోపం వచ్చినవాళ్లకు సాక్ష్యంతో ఏం పని?

డిపో దగ్గరికి పోయేసరికి బస్సు పోయింది. ఆటో అతను ఇంకిద్దరు ఎక్కితేనే కదులుతానన్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేలా అరిచాను. బిత్తరపోయి బండి తీశాడు. నర్సు ఇచ్చిన నంబరుకు, ఆ తల్లికి, దారి పొడుగునా ఫోను చేస్తూనే ఉన్నాను. మోగి మోగి ఆగిపోయేది. చేలగట్ల మీద ఖాళీ యూరియా సంచులు కనిపించినప్పుడల్లా ఆ సీసా రంగు గుర్తుకొచ్చింది. ఈపాటికి పాపకు ఎన్నిసార్లు పట్టి ఉంటారు, పాప ఏడుస్తోందా, ఏడవకుండా పడుకుందా అని అదే ఆలోచన. ఏడుస్తుంటే బాగుండు అని మొక్కుకున్నాను.

బోరంచలో దిగాక తెలిసింది, నాకు వాళ్ల ముఖాలు తెలియవు. నల్లపోచమ్మ గుడి చుట్టూ ఎక్కడికక్కడ పొయ్యిలు పెట్టుకొని వండుకుంటున్నారు. కల్హేర్ దిక్కు నుంచి వచ్చినోళ్లు, మూడు నెలల పాప, పాలసీసా అని పొయ్యి పొయ్యికీ తిరిగి అడిగాను. కన్నడం మాట్లాడే ఒక కుటుంబం నా ముఖం చూసి ఏమనుకుందో, ఒకామె లేచి నిలబడి, "అల్లి నోడ్రి," అని గోడ పక్కకు చేయి చూపింది.

చాప మీద ముసలవ్వ పాపను ఒళ్లో పెట్టుకొని కూచుంది. పక్కన స్టీలు ఫ్లాస్కు. కోడలు సీసాలో పొడి పోసి ఫ్లాస్కు మూత తిప్పుతోంది. నేను పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఎవరు నువ్వు? పోరికి పాలు పట్టనియ్యవా ఏంది?" అంది అవ్వ.

ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అవ్వ నమ్మలేదు. మరగబెట్టినవే, ఇంటి నుంచి తెచ్చినవే అంటుంది. నేను పాప పెదవులు చూశాను. నేరేడుపండు తిన్న నోటిలా ఉన్నాయి. చేతిగోళ్లూ అలాగే ఉన్నాయి. చలిగాలికి అట్ల అయిందనుకున్నం అంది కోడలు. ఆ మాట అంటూనే సీసా కింద పెట్టి పాపను ఎత్తుకుంది. బయట ఆగి ఉన్న, నేను వచ్చిన ఆటోలోనే ఖేడ్ దవాఖానకు తిరిగాం.

దవాఖానలో డాక్టరు నీళ్ల సంగతి విని పాపకు ఆక్సిజన్ పెట్టించాడు. సంగారెడ్డికి పంపాలో లేదో కొంతసేపు చూసి చెబుతానన్నాడు. మేము ముగ్గురం బయట బల్ల మీద కూచున్నాం. చేయడానికి ఏమీ లేనప్పుడు నాకు కోపమే తోడు. ఆ ఫొటో ఒకసారి చూపించమ్మా, ఎవరు పంపారో పట్టుకుంటాను అన్నాను. పాప లేస్తుందని మోగకుండా పెట్టి సంచిలో వేసుకున్న ఫోను అప్పుడు బయటికి తీసింది కోడలు. అందులో నా ఫోన్లు వరసగా ఉన్నాయి. ఊరి గ్రూపులో వచ్చిందంటూ ఫొటో తెరిచింది.

నా అక్షరాలు పెద్దగా, ముద్దుగా ఉన్నాయి. మొదటి ముక్క చివరన ఫొటో ఆగిపోయింది. పక్కన కాగితం కింద పరిచిన రెగ్జిన్ గుడ్డ కనిపిస్తోంది. గుడ్డ మీద మామిడి గుత్తులు, ఒక గుత్తి మీద కాలిన మచ్చ. వేడి గిన్నె పెట్టి ఆ మచ్చ చేసింది నేనే. ఆ గుడ్డ మా ఇంటి బల్ల మీద ఉంది.

కాగితం రాసిన రోజే, నియమాలు ఇంకా పుట్టకముందు, నేను తీసిన ఫొటో అది. మొత్తం తీస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయని, నా చేతిరాత అందంగా కనబడాలని దగ్గరికి పెట్టి తీశాను. ఒక్కరోజు స్టేటస్ పెట్టి మరిచిపోయాను. చూసినవాళ్లు దాచుకున్నారు, దాచుకున్నవాళ్లు పంచుకున్నారు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు అన్న ఆలోచన వచ్చింది. వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను.

"అవ్వా, ఇది తీసింది నేనే," అన్నాను. "కిందిది వదిలేసి తీసిన."

అవ్వ ఫోను అందుకొని ఆ ఫొటోను కళ్ల దగ్గరికి పెట్టుకొని చూసింది. తిడితే బాగుండు.

"నాకు సదువు రాదు బిడ్డా," అంది. "కోడలు సదివితే ఇన్న. సదువుకున్నోళ్లు చెప్పిన్రని పొయ్యి ముంగట కూసొని సగమయ్యేదాంక మరగబెట్టిన. ఇగ మొత్తం చెప్పు."

ఆ బల్ల మీదే కూచొని మొత్తం చెప్పాను. ఒక్కో మాటా తిరిగి అప్పజెప్పింది అవ్వ. మధ్యాహ్నం దాటాక పాప పెదవుల రంగు మళ్లింది. సంగారెడ్డికి అవసరం లేదన్నారు. పాప గట్టిగా ఏడ్చింది. అంత చెడ్డ గొంతు నేనెప్పుడూ వినలేదు, అంత హాయైన గొంతూ ఎప్పుడూ వినలేదు.

ఇంటికి వచ్చి గ్రూపులో రాశాను, కత్తిరించింది నేనేనని. మెకానిక్ దుకాణానికి పోయి ఎదురుగా నిలబడి చెప్పాను. అతను మోటారు మీది నుంచి తల ఎత్తకుండా, సరే తియ్యి మేడం అన్నాడు. తిరిగి గ్రూపులోకి మాత్రం రాలేదు. కాగితం మార్చాను. ఇప్పుడు చంటిపిల్లల మాటే మొదట వస్తుంది, ఎక్కడ కోసినా అది మిగులుతుంది.

కాని పాత ఫొటో చావలేదు. కొన్నాళ్లకోసారి ఎక్కడి నుంచో నా దగ్గరికే వస్తుంది, గుడ్ మార్నింగ్ పూల మధ్య, చేతులు జోడించిన బొమ్మతో. మామిడి గుత్తి మీది మచ్చ చూడగానే తెలిసిపోతుంది. జవాబు రాస్తే చదువుతారో లేదోనని ఫోనే చేస్తాను. మీ ఇంట్ల పసిపిల్లలున్నరా అని అడుగుతాను. కొందరు పిచ్చిదాన్ని అనుకొని పెట్టేస్తారు. మళ్లీ చేస్తాను.

ఈ పొద్దున కూడా వచ్చింది, తెలియని నంబరు నుంచి. ఇప్పటికి నాలుగుసార్లు చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు.