ఓరల్‌బై మంచినీళ్ళు అడిగితే

మా వైపు ఎవరైనా చనిపోతే ఆ మాట ఇంటివాళ్ళకి ఠక్కున చెప్పకూడదు. పెద్దమనిషి ఒకడు వెళ్ళాలి, కూర్చోవాలి, గొర్రెల సంగతి అడగాలి, టీ తాగాలి, పాతకాలం మనుషుల గురించి కాసేపు మాట్లాడాలి, అప్పుడు మెల్లగా అసలు మాట దించాలి. తర్బగతాయ్ కొండల కింద కజాక్ ఊళ్ళన్నిటా ఇదే పద్ధతి. మా ఊళ్ళో ఆ పని ఓరల్‌బైది.

ఆయన్ని ఎంచుకున్నది మొహం చూసి. అది తలుపు చెక్కలాంటి మొహం. సొంత పెళ్ళి ఫోటోలో కూడా బస్సు కోసం ఎదురుచూస్తున్నవాడిలా నిలబడ్డాడు. ఇలాంటి మొహం మీద కబురు ముందే బయటపడదు కదా అని పెద్దలు సంబరపడ్డారు. మొహం ఒక్కటే ఆయన చేతిలో ఉందనీ, మిగతా ఒళ్ళు లేదనీ వాళ్ళకేం తెలుసు? ఊరి ఆరోగ్యకేంద్రంలో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ మిగతా ఒళ్ళు నా దగ్గరికొచ్చింది. వరసకి నేనాయనకి వదినని.

"వదినా, కబురు మోసుకెళ్ళినప్పుడల్లా నోరు ఎండిపోతోంది. నాలిక అంగిటికి అంటుకుపోతోంది. గుండె దడదడ, అరచేతులు తడి. అంతా అయ్యాక, పాపం వాళ్ళు ఏడుస్తుంటే, నా కడుపు గుడగుడమంటుంది. సిగ్గుతో చస్తున్నా. ఏదైనా మందివ్వు" అన్నాడు.

దీనికి మందు లేదన్నాను. చెయ్యి ఎత్తాలనుకుంటే లేస్తుంది, కాలు నడవాలనుకుంటే కదులుతుంది. గుండె, పేగులు, ఉమ్ము, చెమట, చర్మం కింద నెత్తురు గొట్టాలు మాత్రం మనల్ని అడిగి పనిచెయ్యవు. వాటిని నడిపే నరాలు వేరే ఉన్నాయి. అందులో ఒక జత, ఆపద వచ్చిందనుకుంటే చాలు, గుండెని తరుముతుంది, నోట్లో తడి ఆపుతుంది, పేగుల్ని పడుకోబెడుతుంది, చర్మంలో నెత్తుర్ని లోపలికి లాగేస్తుంది. రెండో జత, గండం గడిచాక వచ్చి గుండెని నెమ్మదిపరిచి పేగుల్ని నిద్రలేపుతుంది. నువ్వు కబురు చెప్పేశావు, నీ గండం గడిచింది, అందుకే అవతలివాళ్ళు ఏడుస్తున్నా నీ పేగులకి పని గుర్తొస్తోందని చెప్పాను.

"అయితే ఈ ఒంటికి యజమానిని నేను కాదా?"

"కాదు."

"ఇన్నాళ్ళూ నేనే అనుకున్నానే" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన ఒళ్ళు ఊరికి అర్థం కావడానికి ఎంతోకాలం పట్టలేదు. మా ఇళ్ళలో టీ కాగుతుంటే పచ్చినీళ్ళు అడిగేవాడు ఉండడు. ఓరల్‌బై అడుగుతాడు. నోరు తడవందే గొర్రెల సంగతి కూడా అడగలేడు. దాంతో ఆయన గుమ్మంలో నిలబడి "కాసిని మంచినీళ్ళు" అనగానే ఆడవాళ్ళు శోకాలు అందుకోవడం మొదలుపెట్టారు. పద్ధతి మంటగలిసిందని ముసలాళ్ళు గొణిగారు. నిజానికి ఆయన పని సగం తేలికైంది.

కాకపోతే ఊళ్ళో ఇంకే ఇంటికీ మామూలుగా వెళ్ళలేకపోయాడు. ఒకసారి రంపం అడుగుదామని పొరుగింటికి వెళ్తే ఆ ఇంటి కోడలు తలుపు గడియ పెట్టి లోపలే స్పృహతప్పింది. పెళ్ళిళ్ళకి పిలిచేవారు గానీ ఇంటికొచ్చి కూర్చోమన్నవాడు లేడు. భార్య పోయాక అయితే మరీ ఒంటిగాడైపోయాడు. మనుషులింత తెలివితక్కువగా ఉంటే నాకు ఒళ్ళు మండుతుంది. చంపేది ఆయనా ఏంటి?

ఆయనకి షార్‌బాను మీద మనసు ఎలా పడిందో చెప్తాను. కొన్నేళ్ళ కిందట ఆమె భర్త కొండ మీద గుర్రం మీంచి పడి చనిపోయాడు. కబురు తీసుకెళ్ళింది ఓరల్‌బైయే. మందుల సంచీ పట్టుకుని నేనూ వెంట వెళ్ళాను. అలాంటి చోట్ల ఎవరి గుండె ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఎప్పుడూ వెళ్తాను. చెప్పడం అయింది, ఆమె ఏడ్చింది, ఇల్లంతా ఏడ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన కడుపు కూసింది. అందరూ విన్నారు. పిల్లలు కూడా ఏడుపు ఆపి చూశారు. షార్‌బాను కళ్ళు తుడుచుకుని లేచి, రొట్టె, వెన్న తెచ్చి ఆయన ముందు పెట్టి, "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు కదా, తిని వెళ్ళండి" అంది. ఆ పరిస్థితిలో ఎదుటివాడి ఆకలి చూసిన మనిషి మా ఊళ్ళో ఇంకొకరు లేరు. నేనైతే చూసేదాన్ని కాదు.

ఆ తరవాత మూడేళ్ళు ఆయన ఆ వీధిలోంచి నడవడం మానేశాడు. ఆమె తనని చూసి బెదిరిపోతుందని పశువులకోసం చుట్టుదారిన వెళ్ళేవాడు. మూడో ఏడు శీతాకాలంలో ఉన్నట్టుండి నా దగ్గరికొచ్చి, షార్‌బానుని పెళ్ళికి అడగాలనుకుంటున్నాననీ, మధ్యవర్తిగా రమ్మనీ అన్నాడు. నాకు సంతోషమేసింది. మంచు తుఫాను కొడుతోంది, రెండ్రోజులు ఆగమన్నాను. ఆగితే ధైర్యం పోతుందన్నాడు. సరే పద అన్నాను. బయల్దేరేటప్పుడు అలవాటు కొద్దీ సంచీ చేతికొచ్చింది. ఊళ్ళోవాళ్ళు ఇప్పటికీ ఆ సంచీ గురించి నన్ను దెప్పుతారు. దెప్పనీ.

ఇంకో సంగతి మా ఇద్దరికీ గుర్తులేదు. షార్‌బాను కొడుకు ఎర్‌సయిన్ బొగ్గు లారీ తీసుకుని కొండదారిన వెళ్ళాడు. దారి మూసుకుపోయింది. కబురు లేదు.

షార్‌బాను తలుపు తీసింది. ఆయన్ని చూసింది, నన్ను చూసింది, సంచీ చూసింది. లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది.

ఓరల్‌బై నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ తెరిచాడు.

"కాసిని మంచినీళ్ళు."

ఆమె నీళ్ళిచ్చింది. చెంబు గడగడా తాగి, ఆ మహానుభావుడు గొర్రెలు బాగున్నాయా అని అడిగాడు. ఇంకెలా మొదలుపెట్టాలో ఆయనకి తెలియదు మరి. షార్‌బాను గోడ పట్టుకుంది.

"ఎక్కడ దొరికాడు నా కొడుకు?" అంది.

"అయ్యో, ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు.

మూడేళ్ళ కిందట కూడా మొదట అన్నది ఆ మాటే. అక్షరం తేడా లేదు. భయం మరీ ముదిరితే ఒక్కోసారి ఆ రెండో జత నరాలు అతి చేస్తాయి. గుండె వేగం పడిపోతుంది, నెత్తురు కాళ్ళలోకి దిగుతుంది, మనిషి కూలిపోతాడు. షార్‌బాను కూలింది. నేను కాళ్ళు ఎత్తి దిండు మీద పెట్టాను. ఈలోగా పక్కింటి వాళ్ళు కిటికీలోంచి చూడనే చూశారు. ఆడవాళ్ళు శోకాలు పెడుతూ లోపలికొచ్చారు. మగవాళ్ళు పెరట్లో, కర్మ భోజనానికి ఏ గుర్రాన్ని కొయ్యాలో వాదించుకుంటున్నారు. తెలివొచ్చేసరికి షార్‌బాను చుట్టూ సగం ఊరుంది.

ఎవరూ చావలేదని ఓరల్‌బై ఒట్టేశాడు. పాపం ఎంత మెత్తగా చెప్తున్నాడో అని ఒకావిడ ఇంకా ఏడ్చింది. పెళ్ళి మాటకి వచ్చామని నేను గట్టిగా అరిచి చెప్పాను. డాక్టరమ్మకి కూడా పద్ధతి పట్టుబడిందని ఒక ముసలాయన మెచ్చుకున్నాడు. ఇక నేనేం చెయ్యను? సంచీ తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

అప్పుడు షార్‌బాను చెయ్యెత్తి అందర్నీ ఊరుకోబెట్టింది. ఓరల్‌బై దగ్గరికి జరిగి మొహంలోకి చూసింది.

"మా ఆయన పోయిన రోజు మీరు సున్నం కొట్టిన గోడలా ఉన్నారు. నాకు బాగా గుర్తు. ఇవాళ మెడ దాకా ఎర్రగా ఉన్నారేం?"

ఆయన చెమటలు కక్కుతున్నాడు. నేనే చెప్పాను.

"చావు కబురు తెస్తే మనిషి తెల్లబడతాడమ్మా, నెత్తురు లోపలికి పోతుంది. సిగ్గుపడితే చర్మంలోకి పొంగుతుంది. అది కావాలంటే వచ్చేది కాదు, వద్దంటే పోయేది కాదు. అబద్ధమాడ్డానికి మొహం పనికొస్తుందేమో గానీ, ఈ ఎరుపు పనికిరాదు."

మాట నమ్మని మనిషి రంగు నమ్మింది. ఒక్కసారి ఊపిరి వదిలి, చేతికందిన తువ్వాలుతో ఓరల్‌బైని భుజాల మీద బాదింది.

"నీ మొహం మండ, పెళ్ళడగడానికి ఇలాగా వచ్చేది? నా కొడుకు గుమ్మంలో కాలు పెట్టేదాకా నాకు కనపడకు."

శోకాలకొచ్చిన ఆడవాళ్ళు ఎలాగూ వచ్చాం కదా అని టీ తాగి వెళ్ళారు.

ఓరల్‌బై ఇంటికి పోలేదు. దారి తవ్వేవాళ్ళతో ట్రాక్టరెక్కి కొండ మీదకి పోయాడు. ఎర్‌సయిన్ దారిపక్క టీకొట్టులో ఇరుక్కుని, రోజూ మాంసం తిని ఒళ్ళుచేసి ఉన్నాడు. ఓరల్‌బైని చూడగానే చేతిలో ఎముక కిందపడేసి, "మా అమ్మకేమైంది?" అన్నాడట. అంత తుఫానులో ఆయన వచ్చింది ఇంకెందుకనుకుంటాడు పాపం.

వాళ్ళు దిగొచ్చిన మర్నాడు షార్‌బాను రక్తపోటు చూపించుకోవడానికి నా దగ్గరికొచ్చింది. ఓరల్‌బై అప్పటికే అక్కడ పొయ్యి దగ్గర మంచు పట్టిన కాలివేళ్ళు ఆరబెట్టుకుంటున్నాడు. నేను ఆమె చేతికి పట్టీ చుడుతున్నాను. ఆయన వైపు చూడకుండానే మాట్లాడింది.

"మూడేళ్ళుగా తలుపు చప్పుడైతే చాలు, గుండె నోట్లోకొస్తోంది. నా కొడుకు లారీ తీస్తే వస్తోంది, గాలి కొడితే వస్తోంది. నిన్ను చేసుకుంటే ఇంకో భయం తోడవుతుంది. నువ్వు పోతే నాకెవరు చెప్తారు? ఈ ఊళ్ళో చెప్పేవాడివి నువ్వొక్కడివే."

ఓరల్‌బై కాలివేళ్ళు చూసుకున్నాడు. వేరే ఊరి మనిషిని మాట్లాడిపెడతానన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

"వద్దు" అంది షార్‌బాను. "నా మొదటి ఆయన కొండ మీద పోయాడు, నాకు కబురొచ్చింది. పోయేరోజు వస్తే నువ్వు ఇంట్లోనే పో. నేను పక్కనే ఉంటా. ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు."

ఓరల్‌బై తడి కాళ్ళతోనే లేచి, కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.