మా ఆయన జత కుప్పంలో ఉండాది

దయ్యాలంటే నాకు నవ్వు. పుంగనూరులో మా పుట్టింటి వెనకే శ్మశానం. ఆ గోడ మీద కూర్చుని చింతకాయలు తిని పెరిగినదాన్ని. ఎవరికైనా గాలి సోకిందంటే వాళ్ళ మొహం మీదే నవ్వేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యాలున్నాయని నేను చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మాది మదనపల్లె. మా ఆయనకు టమోటా మార్కెట్ దగ్గర విత్తనాల అంగడి ఉండేది. పెళ్ళినాటి నుంచీ సిగరెట్ మీద సిగరెట్ కాల్చేవాడు. ఒకరోజు గుండె పట్టేసి అంగట్లోనే కూలబడ్డాడు. ఈసారికి బయటపడ్డాడమ్మా, ఇంక తాగితే మనిషి దక్కడు అని డాక్టరు నాతోనే చెప్పేశాడు.

ఆ డాక్టరే మాత్రలు రాసిచ్చాడు. నమిలి బుగ్గన పెట్టుకోమని నికోటిన్ చూయింగ్ గమ్ ఇచ్చాడు. సిగరెట్ మానేవాళ్ళందరినీ ఆదివారాలు క్లినిక్‌లో కూర్చోబెట్టి కష్టసుఖాలు మాట్లాడించేవాడు. అక్కడ ఇద్దరిద్దరిని జతలుగా కట్టాడు. తాగాలని ప్రాణం లాగినప్పుడు జతతో ఫోన్లో మాట్లాడుకోవాలి, ఆ కాసేపూ గడిచిపోతుంది. ఆ పద్ధతి నాకూ నచ్చింది.

మొదటి ఆదివారం ఇంటికొచ్చి మా ఆయన అన్న మాట ఇది: "నా జత కుప్పంలో ఉండాది. దినామూ మధ్యాన్నం ఫోన్ సేస్తాది."

ఉండాది, సేస్తాది. మగమనిషైతే ఉండాడు, సేస్తాడు అనాలి కదా. ఓహో, ఆడమనిషన్న మాట అనుకున్నాను. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది.

మానేసిన కొత్తలో మా ఆయనతో వేగడం నా వల్ల కాలేదు. నిద్ర లేదు, నోరు ఎండిపోతుందంటాడు, చారులో ఉప్పు తగ్గిందని గిన్నె విసిరికొడతాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు ఫోన్ మోగిందంటే మాత్రం మనిషి మారిపోయేవాడు. నన్ను తోసుకుని వెళ్ళి అందుకునేవాడు. గొంతు తగ్గించి మాట్లాడేవాడు, కిలకిలా నవ్వేవాడు. ఇంట్లో నాతో అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. ఏమప్పా అంత ముచ్చట అంటే, "నా బాధ జతకు తెలుస్తాది, నీకేం తెలుస్తాది" అన్నాడు.

మాత్రలు గుర్తుపెట్టుకుని మింగించేది నేను. జేబులు తడిమి అగ్గిపెట్టెలు పారేసేది నేను. పేరొచ్చేది మాత్రం కుప్పంలో కూర్చున్నదానికి. ఆమె ఎట్లా ఉంటుందో, ఏ చీర కడుతుందో అని పప్పు రుబ్బుతూ కూడా అదే ఆలోచన. ఫోన్ ఎప్పుడైనా నా చేతికి దొరికితే ఏమేం తిట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

దొరికింది. ఆరోజు మా ఆయన అన్నానికి రాలేదు. ఫోన్ మోగితే నేనే ఎత్తాను. ఆడగొంతే. బొంగురుగా ఉంది, మాట మాటకూ దగ్గు.

"పాపా, ఆయన్ని సూస్కో. అంగడి ఎనకాల కొరివి నోట్లో పెట్టుకోబోతాండాడు. పో."

నా మొగుడి సంగతి నీకెందుకే అన్నాను. అవతల చాలాసేపు దగ్గింది. "పో పాపా" అని పెట్టేసింది.

ఆమె చెప్పిందని నేను పోలేదు. ఇక్కడి ముచ్చట్లన్నీ దీనికెలా తెలుసని ఒళ్ళు మండి అంగడికి పోయాను. అంగడి వెనక విత్తనాల మూటల సందున మా ఆయన నిలబడి ఉన్నాడు. నోట్లో సిగరెట్, చేతిలో అగ్గిపుల్ల. ఇంకా వెలిగించలేదు.

"నీకెవరు సెప్పినారు?" అన్నాడు.

"ఇంకెవరు, నీ జత. ఇప్పుడే ఫోన్ సేసింది."

"మునెప్పా? ఆయప్ప ఈపొద్దు బైరెడ్డిపల్లెలో పెండ్లికి పోయినాడే. మాట్లాడేదానికి ఆయప్ప లేకనే గదా నాకీ గతి."

"మునెప్ప ఎవరు?"

"నా జత."

జత అంటే మగవాడైనా ఉండాదనే అంటామని అప్పటిగ్గానీ నాకు తట్టలేదు. అయినా నేను విన్నది ఆడగొంతు. మునెప్ప పేరు అడ్డం పెట్టుకుని ఇంకెవరినో దాస్తున్నాడని నా అనుమానం. మర్నాడే కుప్పం బస్సెక్కాను. దారిలో పుంగనూరు వచ్చినా పుట్టింట్లో దిగలేదు.

మునెప్పది బస్టాండు దగ్గర చిన్న టైలరు అంగడి. బక్కమనిషి, గమ్ నములుతూ రవికె కుడుతున్నాడు. మిషను పైన గోడకు దండేసిన ఆడమనిషి ఫోటో ఉంది. నా భార్య, రెండేండ్లాయె పోయి అన్నాడు. తనకు ఫోనే లేదట, పక్క బూత్ నుంచి చేస్తాడట. నిన్న పొద్దుపోయేదాకా పెళ్ళిలోనే ఉన్నానన్నాడు. తోడు వెళ్ళిన బూత్ అతను కూడా అదే చెప్పాడు.

సిగ్గేసినా, అంతదూరం వచ్చాక జరిగిందంతా చెప్పాను. ఫోన్లో ఆమె అన్న మాట చెప్పగానే మిషను ఆగిపోయింది.

"కొరివి అనిందా?"

అవునన్నాను.

"నా బీడీని అది ఎప్పుడూ బీడీ అనలా. కొరివి అనేది. దగ్గిందా?"

చాలాసేపు దగ్గిందన్నాను.

"ఆ దగ్గుతోనే పోయింది. అది బతికుండగా నేను మానలేదమ్మా." కాసేపు ఫోటో వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. "రెండేండ్లుగా ఒక్క మాట నాకు వినబడలా. మొగం తెలీని నీకు ఫోన్ సేసింది. నాతో ఎందుకు మాట్లాడలేదమ్మా?"

ఆ చూపు నాకు తెలుసు. అన్నాళ్ళూ ఫోన్ వైపు నేను చూసిన చూపే అది. ఆమె అన్నట్టే ఒకసారి అనమని అడిగాడు. అన్నాను. కళ్ళు మూసుకుని విన్నాడు. ఇంకోసారి అనమన్నాడు.

మా ఆయన మళ్ళీ సిగరెట్ ముట్టలేదు. మునెప్ప మధ్యాహ్నం ఫోన్లూ ఆగలేదు. కాకపోతే ముందు నన్ను పిలవమనేవాడు. "ఏమన్నా సెప్పిందామ్మా?" లేదప్పా అంటే, "సరే, ఆయనకియ్యి" అనేవాడు.

లైన్లు కలిసిపోయి ఉంటాయి అన్నారు విన్నవాళ్ళు. లైన్లు కలిస్తే కలవనీ, మా అంగడి వెనక సంగతి ఆ గొంతుకెలా తెలిసింది? నాకు తెలీదు. నిన్ను అడిగిందప్పా అని మునెప్పకు ఒక్కసారి అబద్ధమైనా చెబుదామనుకున్నాను గానీ నోరు రాలేదు. నాకు చేసిన ఆ ఒక్క ఫోనూ ఆమె తన మొగుడికెందుకు చెయ్యలేదో ఇప్పటికీ నాకు అర్థం కాదు.