డాల్ఫిన్ పళ్ళెంలో నా ఉఫ్

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనకు తెలియనిదంటూ ఉండదు. తెలియనివన్నీ ఆ తర్వాతే ఒక్కొక్కటిగా బయటపడతాయి. మా గౌనిపల్లికి సముద్రం ఎంత దూరమో ఊళ్ళో చాలామందికి తెలియదు. అయినా నేను ఎమ్మెస్సీ ముగించి, మంగళూరు వైపు డాల్ఫిన్ల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక మేడమ్ దగ్గర ఆర్నెల్ల ఉద్యోగంలో చేరాను. మా అవ్వ "మా పాప చేపల డాక్టరు" అని ఊరంతా చెప్పుకుంది. (డాల్ఫిన్ చేప కాదు అవ్వా, పిల్లలకు పాలిచ్చే జంతువు అంటే, "అట్లయితే ఆ పాలు డెయిరీకి ఎందుకు పొయ్యరు?" అని అడిగింది.)

పని వినడానికి సులువే. పొడుగాటి కర్రకు గాజుపళ్ళెం కట్టి పడవలో కాచుకుని ఉండాలి. డాల్ఫిన్ పైకొచ్చి ఊపిరి వదలగానే ఆ తుంపరలు పట్టాలి. అందులో ఏ క్రిములున్నాయో, వాటితో దాని ఒళ్ళు ఎట్లా పోరాడుతోందో లాబులో చూడాలి. వీపంతా పుండ్లున్న ఒక డాల్ఫిన్ కోసం వారాల తరబడి తిరిగాం. దానికి మచ్చల పెద్దమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఒక పొద్దున అది పడవ పక్కనే లేచి, బుస్సుమని ఊపిరి వదిలింది. మేడమ్ పళ్ళెం విప్పి నా చేతికిచ్చి, "మూత పెట్టు" అన్నారు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. మాది పట్టుపురుగులు మేపే ఇల్లు. పురుగులు తోలు విడిచే నిద్ర (మా వైపు దాన్ని జ్వరమంటారు) నుంచి లేచాయో లేదో చూడాలంటే, తట్ట మీద మెల్లగా ఊదుతాం. లేచిన పురుగు తల ఆడిస్తుంది. అయిదేళ్ళప్పటి నుంచి అది నా పని. చేతికి పళ్ళెం రాగానే వంగి ఉఫ్‌మని ఊదేశాను! మేడమ్ డాల్ఫిన్‌నే చూస్తున్నారు. గబుక్కున మూత పెట్టి నేనూ డాల్ఫిన్‌నే చూశాను.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. పళ్ళెం నిండా మనుషుల నోళ్ళలో బతికే క్రిములే. మేడమ్ ఎగిరి గంతేసినంత పని చేశారు. "ఊరి మురుగు వల్లే అయ్యుంటుంది! ఇది వెంటనే రాయాలి" అని కూర్చున్నారు. నేను, "అవును మేడమ్, మురుగే" అన్నాను. (అబద్ధమేమీ కాదు, ఆ మురుగు నేనే.) నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే నా ఎంగిలి డాల్ఫిన్ జబ్బుగా అచ్చవుతుంది.

సెలవు పెట్టి ఇంటికొస్తే, అవ్వ పురుగులకు మల్బరీ ఆకు తరుగుతూ, "ఏమ్మే, మొగం అట్లుండాది?" అంది. అంతా చెప్పాను.

"మన తట్టలో జబ్బొస్తే ఏం చేస్తామే? ముందు పక్కింటోళ్ళకు చెప్తాము. దాచిపెడితే మన పంటా పాయ, వాళ్ళ పంటా పాయ. ఇంగ చదువుకున్నదానివి, నీకు నేను చెప్పల్లనా?"

"ఉద్యోగం పోతాది అవ్వా."

"పోతే పోనీలే. ఈడ ఆకు కోసేదానికి మనిషి దొరకలేదు."

ఆ భరోసాతో వెనక్కి వెళ్ళి మేడమ్ ముందు నిలబడ్డాను.

"ఊదావా? ఎందుకు?"

"నిద్ర లేచిందేమో చూద్దామని..."

మేడమ్ నన్ను నోరు తెరవమని, బుగ్గలోపల దూదిపుల్లతో రుద్ది పరీక్షకు పంపారు. పళ్ళెంలోవీ నావీ ఒకటే. రాసిన కాగితాలు పక్కన పెట్టి, "ఇకనుంచి మాస్కు లేకుండా పడవ ఎక్కొద్దు" అన్నారు. ఉద్యోగం మాత్రం తియ్యలేదు, ఆర్నెల్లయ్యాక కూడా ఉండమన్నారు.

మచ్చల పెద్దమ్మ మళ్ళీ మా పడవ దగ్గరికి రాలేదు. దాని జబ్బేమిటో ఇప్పటికీ తెలియదు. అది ఇచ్చిన ఒక్క ఊపిరిని నేనే పాడుచేశానని తలుచుకుంటే ఈనాటికీ బాధే. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పేది నేనే, మాస్కు గురించి అందరికన్నా గట్టిగా అరిచేదీ నేనే. కానీ పళ్ళెం చేతికి రాగానే, ఆ మాస్కు వెనకాల నా బుగ్గలు ఇంకా ఉబ్బుతూనే ఉంటాయి.