నిలబెడితే మంచి కారు

నా పెళ్లయిన ఆరేడేళ్లకు, వరుసగా రెండేళ్లు వానలు పడి వేరుశనగ బాగా పండింది. ఆ ఊపులో మా ఆయన బోరుకు మోటారు కొనుక్కొస్తానని బెంగళూరు వెళ్లి, పాత పెట్రోలు కారు కొనుక్కొచ్చాడు. అడిగితే, "దీంట్లో కూడా మోటారు ఉండాది కదా!" అన్నాడు. ఊరంతా వచ్చి చూసి నవ్వింది. నేను కూడా నవ్వాను, అప్పటికి ఎక్కి తిరగలేదు కాబట్టి.

ఆ మరుసటి ఏడు వానలు మొహం చాటేశాయి. పంట పోయింది. పెట్రోలు దండగని కారుకు ఒకసారి సర్వీసు చేయించి కొన్ని నెలలు పశువుల కొట్టం పక్కన నిలబెట్టాం. మళ్లీ బయటికి తీసినప్పటి నుంచి దానికి ఒక విచిత్రమైన జబ్బు పట్టుకుంది. ఇంటి ముందు స్టార్టు చేస్తే హాయిగా పాడేది. చదును రోడ్డు మీద ఏదో నడిచేది. మా తాలూకా ఊరు పావగడకు వెళ్లే దారిలో, అక్కడి కొండ కనిపించే ముందు ఒక మిట్ట ఉంది. అక్కడికి రాగానే రొప్పుతూ, పొగలు కక్కుతూ ఆగిపోయేది. దిగి తోసేవాళ్లం. పట్టుచీర కట్టుకుని కారు తోసిన మొదటి ఆడదాన్ని మా తాలూకాలో నేనే అయి ఉంటాను. వెనక వచ్చే బస్సు డ్రైవరు హారన్ కొట్టి, కిటికీల్లోంచి జనానికి మమ్మల్ని చూపించేవాడు.

పావగడ బస్టాండు వెనక ఒక మెకానిక్కు ఉండేవాడు. మా కారుకు మొదటి నుంచీ అతనే వైద్యుడు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద, ఇంకో కొన చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "నిప్పు పడే టైమింగు తప్పిందన్నా" అని సరిచేసేవాడు. షెడ్డు ముందు కారు కమ్మగా పాడేది. మిట్ట దగ్గర ఆగిపోయేది. ఇంకోసారి ప్లగ్గులు మార్చాడు. మరోసారి కార్బురేటరు విప్పి కడిగాడు. చివరికి ఇంజను తల కూడా విప్పాడు. ప్రతిసారీ షెడ్డు ముందు పాట, మిట్ట దగ్గర తోపుడు.

ఇది చాలదన్నట్టు మా ఊరి హైస్కూలు సైన్సు మాస్టారు రంగంలోకి దిగాడు. ఎండకు పెట్రోలు పైపులోనే ఆవిరైపోతోందని, పైపుకు తడిగుడ్డ చుట్టాలని తేల్చాడు. తాగే నీళ్ల బిందె కోసం ఆడవాళ్లం మైలు దూరం నడుస్తున్న రోజులవి. నేను మోసుకొచ్చిన నీళ్లలో చెంబెడు కారు తాగేది. అయినా మిట్ట ఎక్కలేదు. "గుడ్డ సరిగా తడపలేదు" అన్నాడు మాస్టారు నా వైపు చూసి.

ఒకరోజు అత్తను కళ్లు చూపించడానికి తీసుకెళ్తుంటే మళ్లీ అక్కడే ఆగింది. అత్త దిగి, బస్సు ఆపి ఎక్కి వెళ్లిపోయింది. మా ఆయన బానెట్ ఎత్తి ఇంజనును తిడుతున్నాడు. నేను వెనక సీట్లో కూర్చుని ఆలోచించాను. కారు ఆగే ముందు గొంతు పెంచుతుంది గాని బలం పెంచదు. ఇలాంటి అరుపు నేనెక్కడో విన్నాను. మా పుట్టింటి బావి దగ్గర నాన్న ఆయిలింజను! ఊరికే తిరిగినంతసేపు బాగుండేది. పంపుకు బెల్టు వేయగానే చచ్చేది. నాన్న మూత విప్పి, లోపల అతుక్కుపోయిన రెండు ఇనుప గుండ్లను కిరసనాయిలుతో కడిగేవాడు. దాన్ని గవర్నరు అనేవాడు. నాకు తెలిసి పని చేసే గవర్నరు అదొక్కటే.

తర్వాతిసారి షెడ్డుకు నేను కూడా వెళ్లాను.

"ఏమప్పా, నువ్వు టైమింగు చూసేది బండి నిలబడినప్పుడే కదా?" అని అడిగాను మెకానిక్కును.

"అవునక్కా. పరిగెత్తే బండిలో యాడ చూడాల?" అని నవ్వాడు.

"నీకెందుకివన్నీ? ఆ నీడకు పోయి కూర్చో పో" అన్నాడు మా ఆయన.

నేను కదల్లేదు. "మా నాయన ఆయిలింజనులో గవర్నరుండేది. స్పీడు పెరిగితే గుండ్లు విచ్చుకునేవి. అవి పట్టుకుంటే ఇంజను ఇట్లే చచ్చేది. దీంట్లో అట్లాంటిది ఏమీ లేదా?"

మెకానిక్కు నవ్వు ఆగింది. చేతులు తుడుచుకున్నాడు.

"ఉండాదక్కా. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు అడుగున రెండు బిళ్లలుంటాయి. స్పీడు పెరిగేకొద్దీ అవి విచ్చుకుని నిప్పును ముందుగా పడేట్టు చేస్తాయి."

"ఎప్పుడన్నా విప్పి చూసినావా?"

"ఈ జబ్బొచ్చినాక లేదక్కా. అది చెడిపోయేది కాదు."

విప్పాడు. రెండు బిళ్లలూ ఎర్రటి గ్రీజులో బెల్లం పాకంలో పడిన చీమల్లా గట్టిగా అతుక్కుపోయి ఉన్నాయి. "ఎవుడో బుద్ధిలేనోడు చక్రాలకేసే గ్రీజు ఈడ కూరినాడన్నా!" అని మండిపడ్డాడు. మాట పూర్తయ్యేలోపే ముగ్గురి చూపూ షెడ్డు మూలనున్న గ్రీజు డబ్బా మీద పడింది. అదే ఎరుపు.

"సర్వీసు చేసినప్పుడు... నేనేనేమోనక్కా" అన్నాడు గొణుగుతూ.

కిరసనాయిలుతో కడిగాక బిళ్లలు టకటకా ఆడాయి. ఆరోజు కారు మిట్ట ఆగకుండా ఎక్కింది. నాకు అరిచి గంతులేయాలనిపించింది. పైకి చేరాక మా ఆయన గొంతు సవరించుకుని, "లోపల ఏందో పట్టుకుండాదని నేను మొన్ననే అనుకుంటి" అన్నాడు. సాయంత్రానికి ఊళ్లో ఆ జబ్బు కనిపెట్టింది ఆయనే అయ్యాడు. మాస్టారు అపకేంద్ర బలం గురించి అరగంట చెప్పి, తడిగుడ్డ ఊసెత్తకుండా కాఫీ తాగి వెళ్లాడు.

మెకానిక్కు మాత్రం నిజం మరిచిపోలేదు. నెలకోసారైనా మా ఇంటికి వచ్చేవాడు.

"అన్నా, అక్క ఉండాదా? ఒక టెంపో సతాయిస్తా ఉండాది."

"ఏం, నేను లేనా?"

"నువ్వుండావు లేన్నా. అక్కను పిలువు."

టెంపోల గురించి నాకేం తెలుసు? నాన్న ఆయిలింజను తప్ప ఇంకో యంత్రం లోపల ఎలా ఉంటుందో కూడా చూడలేదు. అయినా కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, అతను చెప్పేదంతా విని, కళ్లు సగం మూసి గంభీరంగా తల పంకించేదాన్ని. ఆ విద్య నాకు మా ఊరి మగవాళ్లే నేర్పారు.