వానలో నిలబడ్డ సంఖ్య

మొన్న పుస్తకాల షాపులో సుద్దముక్కల డబ్బా మూత తీస్తే ఆ పొడి వాసన ముక్కుకి తగిలి, డెబ్బైల నాటి మా పోర్టు క్వార్టర్ల వీధి, గాలి తిరిగితే చాలు ఆరేసిన బట్టల మీద ఎర్రగా పడే ఇనప ఖనిజం దుమ్ము, సాయంత్రమయ్యేసరికి ఇంటింటా వేగే నెత్తళ్ల చేపల వాసన, సిమెంటు గచ్చు మీద మేం గీసుకున్న తొక్కుడుబిళ్ల గళ్లు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

ఆ గళ్లలో నన్నెవరూ లెక్కపెట్టేవారు కాదు. అందరికంటే చిన్నదాన్ని, ఆటలో అరటిపండుని. ఔటైనా ఔటు కాదు, గెలిచినా గెలుపు కాదు. అంతకంటే అవమానం ఉంటుందా?

ఆ ఏడు వానాకాలం మొదట్లో మా అక్క వరాలప్ప కొత్త పిచ్చి తెచ్చింది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలన్నీ ఒక్కొక్కసారే వచ్చే పదంకెల సంఖ్య ఒకటుందని లెక్కల మేష్టారు చెప్పారట. ఎడమ నుంచి మొదటి రెండంకెలు రెండుతో, మూడంకెలు మూడుతో, అలా పదీ పదితో శేషం లేకుండా భాగం పోతాయి, లోకం మొత్తమ్మీద అలాంటిది అదొక్కటే. ఇంకేముంది, తొక్కుడుబిళ్ల ఆగిపోయింది. పది గళ్లలో అప్ప అంకెలు రాయడం, చుట్టూ గొంతుక్కూర్చుని మావాళ్లు భాగించడం. ఐదో గడిలో ఐదు, పదో గడిలో సున్నా తప్పవని తేలింది గానీ ఏడో గడి దగ్గర ప్రతిసారీ బోల్తా.

ఒక మధ్యాహ్నం ఆ ఏడో గడి దాటేశాం. ముప్పై ఎనిమిది లక్షల పదహారు వేల ఐదు వందల నలభై ఏడు, ఏడుతో భాగిస్తే శేషం లేదు. తర్వాత రెండు పెడితే ఎనిమిదితో పోయింది, తొమ్మిది పెడితే తొమ్మిదితో పోయింది. ఒళ్లు తెలీకుండా గెంతుతున్నాం, సరిగ్గా అప్పుడే టపటపా వాన. సుద్ద కరిగిపోతోంది, చేతిలో కాగితం ముక్క లేదు.

అప్ప దొరికినవాళ్లని దొరికినట్టు రెక్క పట్టుకుని గళ్లలో నిలబెట్టింది. "నువ్వు మూడు. నువ్వెనిమిది. కదిలేరంటే సంపేత్తాను." తను ఒకటైంది. తొమ్మిది గళ్లు నిండాయి. నేను అలవాటు ప్రకారం అరుగెక్కాను.

"దాన్నొగ్గీ అప్పా, అది అరటిపండు కదా," అన్నాడు ఏడంకెయిన పక్కింటి సింహాచలం.

"అది లేపోతే పదికి పోదురా. రాయే, నువ్వే సున్నా."

వరస చెదరకుండా, ఎవరి అంకె వాళ్లు అరుస్తూ, వానలో మేష్టారింటికి నడిచాం. ఆయన వరండాలో పలక మీద భాగిస్తూంటే, లెక్క సరిపోయినప్పుడల్లా ఒక్కొక్కరు అరుగెక్కాలి. తొమ్మిదిమందీ గట్టెక్కారు. నా వంతు వచ్చింది. "సున్నా!" అని అరిచాను. మేష్టారు పలక పక్కన పెట్టి నవ్వారు.

"పదికి పోయిందే గుంటా."

మూడు వందల ఎనభై ఒక్క కోట్ల అరవై ఐదు లక్షల నలభై ఏడు వేల రెండు వందల తొంభై. నేను లేకపోతే అది ముప్పై ఎనిమిది కోట్ల దగ్గరే చతికిలబడేది! తడిసిన లంగాతో ఆ రాత్రి దాకా అదే మాట అందరికీ చెప్పుకు తిరిగాను.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు, పోర్టు యార్డులో కలిసిపోయాయి. మేమంతా కూర్మన్నపాలెం నుంచి అచ్యుతాపురం దాకా చెల్లాచెదురయ్యాం. గచ్చు మీద గళ్లు గీసే పిల్లలూ కనబడరు. కిందటేడు ఒక పెళ్లిలో, జుట్టంతా నెరిసిన సింహాచలం పందిరి ఆ చివర నుంచి నన్ను చూసి చెయ్యెత్తి, "ఓలమ్మ, సున్నా వచ్చీసింది," అన్నాడు. ఎంత ఆలోచించినా నా అసలు పేరు అతనికి గుర్తు రాలేదు. నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.