మిరప సంచుల మీద మట్టంటని ఉస్తాద్

మాకు మీసాలు మొలవాలా వద్దా అని ఆలోచిస్తున్న కాలం అది. డెబ్బైలు ముసలివై ఎనభైలు ఇంకా దోగాడుతున్నాయి. అప్పట్లో వరంగల్లులో ఎవడు గెలిచాడు, ఎవడు ఓడాడు అన్నదాంట్లో ఎవరికీ అనుమానం ఉండేది కాదు. కుస్తీలో వీపుకు మట్టి అంటితే ఓడినట్టు, అంటకపోతే గెలిచినట్టు, అంతే. ఇప్పుడు నా దగ్గర బ్రెజిలియన్ జియు జిట్సు అనే విదేశీ కుస్తీ నేర్చుకునే పిల్లలు వచ్చీ రాగానే హాయిగా వెల్లకిలా పడుకుని, కాళ్లు పైకెత్తి, "రెడీ సార్" అంటారు. మా కాలంలో అట్లా పడుకున్నవాణ్ని దవాఖానకు మోసుకుపోయేవాళ్లు. ఈ విద్యకు నేను మాస్టర్నెట్లా అయ్యానని తల్లిదండ్రులు అడుగుతుంటారు. ఏ విదేశానికో పోయి నేర్చుకొచ్చానని వాళ్ల నమ్మకం. నేనూ కాదనను (నేను ఖమ్మం దాటింది తక్కువే). అసలు సంగతి మాత్రం మిరపకాయల దగ్గర మొదలవుతుంది.

మా బాపుకు మిరపకాయలు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉండేది. మా ఇంట్లో పసిపిల్లలు 'అమ్మా' అనడానికి ముందే తుమ్మడం నేర్చుకునేవాళ్లు. ఆ దుకాణంలో బస్తాలు మోసే హమాలీలందరికీ పెద్ద మా ఉస్తాద్. పగలంతా మా బస్తాలు మోసేవాడు, తెల్లవారుజామున ఖిలా వరంగల్ మట్టికోట పక్కన తాలీంలో కుర్రాళ్లకు కుస్తీ నేర్పేవాడు. పరకాల పహిల్వాన్ల నుంచి పట్నం పహిల్వాన్ల దాకా ఆయన వీపుకు మట్టి అంటించినవాడు పుట్టలేదు. అందుకే ఊరంతా ఆయన్ని 'మట్టంటని ఉస్తాద్' అనేది. మనిషి తక్కువలో తక్కువ రెండు క్వింటాళ్లు ఉండేవాడు (దుకాణం కాంటా మీద నిలబెడితే ఎనభై నాలుగు కిలోలే చూపించింది గానీ, అది మా బాపు కాంటా, ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది). దుకాణంలో నన్ను "చిన్న సేటూ" అని వంగి పిలిచే ఆ మనిషే, తాలీం గడప దాటగానే "ఒరే గాడిదీ" అనేవాడు. తొమ్మిదేళ్లు నేర్పాడు. ఆ తొమ్మిదేళ్లలో నా వీపుకు అంటిన మట్టిని పోగేస్తే ఇంకో కోట కట్టొచ్చు.

ఇంతలో ఊళ్లోకి కరాటే పిచ్చి వచ్చింది. గల్లీకో కుర్రాడు పెంకులు పగలగొట్టి చెయ్యి విరగ్గొట్టుకుంటున్నాడు. నేను ఒక మెట్టు పైకెక్కి హైదరాబాదులో పది రోజుల జూడో క్యాంపుకు పోయాను. అందులో మూడు రోజులు వాన, మూడు రోజులు నాకు జ్వరం. మిగిలిన నాలుగింటిలో మూడు రోజులు వంగి దండం పెట్టడం నేర్పారు. ఆఖరి రోజు మాత్రం మనిషిని నడుము మీదికి ఎత్తి విసరడం, ఊపిరాడకపోతే చేత్తో తట్టి 'వదులు' అని చెప్పడం నేర్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపించారు. దాన్ని పట్టుకుని హన్మకొండలో ఒక ప్రైవేటు బడికి జూడో సారు నౌకరీకి పోయాను. కరస్పాండెంటు సారు సర్టిఫికెట్‌ను ఎండకు పెట్టి చూశాడు.

"గిసొంటి కాయితం ఎవడన్న తెస్తడు. శనివారం పొద్దుగాల్ల పిల్లల ముంగట ఒక మనిషిని ఎత్తేసి చూపెట్టు. అప్పుడు చూద్దాం."

ఇంటికొస్తే బాపు ఇంకో గడువు పెట్టాడు. "సోమవారం దాక చూస్త. నౌకరీ దొరికిందా, నీ ఇష్టం. లేకుంటే వచ్చి కాంటా కాడ కూసో. మల్ల ఎన్నడు ఎగురుడు దుంకుడు అన్నవో, చెప్పు తెగుతది." బాపు ఉత్తుత్తి మాట చెప్పే మనిషి కాదు. నాకు కళ్ల ముందు నలభై ఏళ్ల మిరపకాయలు కనిపించాయి.

మరి ఎత్తేయించుకునే మనిషి కావాలి గదా. ఒక దోస్తుకు పెళ్లిచూపులున్నాయి. ఒకనికి మోకాలు నొప్పి (అడిగిన తర్వాతే మొదలైంది). మూడోవాడు మొహం మీదే "నౌకరీ నీకు, నడుం విరుగుడు నాకా?" అన్నాడు. ఇక లాభం లేదని, తాలీంలో ఎవడైనా చిన్న కుర్రాణ్ని పంపమని అడగడానికి ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన అగ్గిపుల్లతో చెవి గోక్కుంటూ అంతా విన్నాడు.

"నేనొస్త తీ."

"నువ్వా? ఉస్తాద్, నీ వీపు..."

"ఇంకెవడన్న దొరికిండారా?"

"దొరకలే."

"మరింక పంచాదేంది? నువ్వేసేది సంచుల మీద. సంచి మట్టెట్లయితదిరా గాడిదీ? సంచంటితె ఓడినట్టని ఏ తాలీంల ఉన్నది?" అని పెద్దగా నవ్వాడు. కానీ అగ్గిపుల్ల విరిగిపోయిన సంగతి ఆయన చూసుకోలేదు.

మా దుకాణం నుంచి ముప్ఫై ఖాళీ గోనె సంచులు తెచ్చాం. వాటిలో వరిగడ్డి కుక్కి, దబ్బనంతో మూతులు కుట్టి, పైన కాశిబుగ్గ నేతాయన దగ్గర అడుక్కొచ్చిన జంపఖానా పరిచాం. ఆ సంచులు నిన్నటిదాకా మిరపకాయలవి, వాటిని దులపాలి అన్న ఆలోచన మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు. వచ్చేదెట్లా? పుట్టినప్పటి నుంచీ ఆ ఘాటే పీల్చినవాళ్లం, మాకది గాలి.

శనివారం బడి మైదానంలో నాలుగు వందల మంది పిల్లలు (నా కళ్లకు నాలుగు వేలమంది కనిపించారు), ముందు కుర్చీలో కరస్పాండెంటు సారు. ప్రహరీ గోడ మీద వరసగా మా మార్కెట్ హమాలీలు. వాళ్లను ఎవరూ పిలవలేదు, ఉస్తాద్ వీపు సంగతి విని వచ్చారు. నేను గళ్ల దుప్పటితో కుట్టించిన జూడో అంగీ వేసుకుని, క్యాంపులో నేర్చిన దండం పెట్టి, ఉస్తాద్‌ను పట్టుకుని లాగాను. ఆయన కోట దర్వాజలా నిలబడి ఉన్నాడు. మళ్లీ లాగాను. నా అంగీ చిరిగింది.

"నడుం లోపటికి వెట్టు," చెవిలో గొణిగాడు. "ఇంకా లోపటికి. పెండ్లి ఫోటోకు నిలవడ్డవార? జర వంగు!"

వంగాను. ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు. రెండు క్వింటాళ్ల మనిషి తనంతట తానే నా నడుము మీదుగా ఎగిరి, ధన్‌మని వెల్లకిలా పడ్డాడు. గోడ మీద ఒక హమాలీ తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. తాలీం అలవాటు కొద్దీ నేను ఉరికి ఉస్తాద్ మీద పడ్డాను, సంచుల్లోంచి ఎర్రటి మేఘం లేచింది.

ముందు మొదటి వరస తుమ్మింది, తర్వాత రెండోది. ఆ తుమ్ముల చప్పుడుకు చెట్ల మీది కాకులు లేచి కాజీపేట దాకా పోయాయి. నాకే, పుట్టుకతో మిరపకాయల బిడ్డకే, కళ్లు కనపడలేదు. ఇక కింద ఉన్నాయన సంగతి చెప్పాలా? జీవితంలో మొదటిసారి కిందున్నాడు, కళ్లలో కారం, మీద ఎవడో ఉన్నాడు. బుద్ధిని పక్కన పెట్టి ఆయన ఒళ్లు తన పని తాను చేసింది. రెండు కాళ్లూ నా నడుము చుట్టూ బిగించి, బస్తా మూతి పట్టినట్టు నా కాలరు రెండు పక్కలా పట్టి తిప్పాడు. నాకు ఊపిరి ఆగింది. క్యాంపులో నేర్పినట్టు ఆయన భుజం మీదా సంచి మీదా తట్టాను. కుస్తీలో అట్లాంటి సైగ లేదు గదా. "నన్నే కొడ్తవారా!" అని ఉస్తాద్ ఇంకా బిగించాడు. నేను తడుతున్నకొద్దీ దుమ్ము లేస్తోంది, పిల్లలు నా తాళానికి చప్పట్లు కలిపారు. చివరికి "సచ్చిన ఉస్తాద్!" అని కీచుమన్నాక వదిలాడు.

కరస్పాండెంటు సారు కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు. "ఆగుండ్రి. ఎత్తేసింది నువ్వు, పైన ఉన్నది నువ్వు. సచ్చిన అన్నది గూడ నువ్వేనాయె. ఇంతకు మీ ఇద్దర్ల మాస్టరెవరు?"

నా నౌకరీ ఆ ప్రశ్న మీద వేలాడుతోంది. నేనింకా దగ్గుతూనే ఉన్నాను. ఉస్తాద్ లేచి కూర్చున్నాడు. ఒక్కసారి గోడ వైపు, తన మనుషుల వైపు చూశాడు.

"గదే సార్ ఈ విద్యల మతలబు. కింద వడ్డంక గూడ ఆట ఉంటది. మా చిన్న సేటు పట్నంల నేర్చుకొచ్చి, నిన్న నాకు నేర్పిండు."

"ఒక్క దినంల?"

"నా అసొంటి మొద్దుకే నేర్పిండంటే, పిల్లలకు నేర్పడా సార్?"

కరస్పాండెంటు సారు ఏదో అనబోయి తుమ్మాడు. తుమ్మి, "సోమవారం నుంచి రా," అన్నాడు.

సంచులు రిక్షాలో వేసుకుని వస్తూ, ఎందుకట్లా చెప్పావని అడిగాను. "నిజం చెప్తె నౌకరీ నాకిస్తడు. బెల్లు కొడితె లేసుడు, బెల్లు కొడితె కూసునుడు నాతోని కాదు," అన్నాడు. కొంతదూరం పోయాక వీపు రుద్దుకుంటూ, "కింద పండుకుంటె నడుముకు మస్తు ఆరాముంటదిరా. నలభై ఏండ్లాయె, ఒక్కడు చెప్పలే," అన్నాడు. ఆ తర్వాత రోజూ తాలీంలో ఆయన పడుకునేవాడు, నేను మీద పడేవాణ్ని. కింది నుంచి ఎట్లా తిప్పాలి, ఎట్లా పట్టాలి, అన్నీ ఆయన ఒంట్లోంచే ఒక్కొక్కటిగా బయటికొచ్చాయి. పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం బడిలో 'నా విద్య' అని నేర్పేవాణ్ని. మార్కెట్లో హమాలీలు "ఏం ఉస్తాద్, చిన్న సేటు కాడ సదువుతున్నవట?" అని ఆటపట్టిస్తే, "అవ్‌రా, ఒకటో తరగతి," అనేవాడు. నేను పక్కనే ఉండి వినేవాణ్ని. ఒక్కనాడూ కాదనలేదు. ఆయన పోయేదాకా అనలేదు.

చాన్నాళ్లకు పిల్లలు ఫోన్లలో బ్రెజిల్ వాళ్ల ఆట చూపిస్తే, అచ్చం మా ఉస్తాద్ పట్టు! ఆ పేరుతోనే క్లాసులు మొదలుపెట్టాను. పోయినేడు హైదరాబాదు నుంచి ఒక బ్లాక్ బెల్ట్ కుర్రాడు మా క్లాసును చూసి పోవడానికి వచ్చాడు. వాళ్లలో ఎవరికి ఎవరు నేర్పారన్నది వంశవృక్షంలా బ్రెజిల్ దాకా చెప్పుకోవాలట. "మీకెవరు నేర్పారు సార్?" అన్నాడు. నలభై ఏళ్లుగా 'పట్నం క్యాంపు' అని చెప్పిన నోరు ఆ రోజెందుకో తిరగలేదు. మా ఉస్తాద్ అసలు పేరు, ఇంటిపేరుతో సహా చెప్పి రాయించాను.

"ఏ బెల్ట్ సార్ వారిది?"

"బెల్టు లేదు. లంగోటా."

కుర్రాడు నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశాడు. ఆయన పట్టు చూపించమన్నాడు. పడుకుని చూపించాను. నిమిషంలో తట్టాడు (పెద్దాయన గదా అని తట్టాడని మా పిల్లల కూత, వాళ్లను నమ్మకండి). తట్టి లేచి నిలబడ్డాడు. నేను అట్లాగే పడుకుని ఉన్నాను. రెండు నిమిషాలైనా లేవకపోయేసరికి, "ఇది కూడా ఒక పొజిషనా సార్?" అని భక్తిగా నోట్‌బుక్ తీశాడు.

మోకాలు పట్టేసిందని చెబితే మా ఉస్తాద్‌కు నామోషీ గదా.

"రాసుకో బాబూ," అన్నాను.