పేజీ మీద చెయ్యి

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమంట. ఇప్పటికీ అంతే. కానీ సుభద్రమ్మగారి పుస్తకం సంగతి మాత్రం కొట్టిపారేయలేకపోతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అమలాపురంలో నాకు చిన్న డీటీపీ షాపు ఉండేది. సుభద్రమ్మగారు కొత్తపేట నుంచి ఒక పాత తత్వాల పుస్తకం తెచ్చారు. భర్త సంవత్సరీకానికి వచ్చినవాళ్ళకి తలో కాపీ పంచాలట. కొత్తగా టైపు చేసిస్తానంటే ఒప్పుకోలేదు. ఆయన రోజూ చదువుకున్న ఆ అక్షరాలే కావాలన్నారు. పుస్తకమేమో ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి, సంవత్సరీకమేమో దగ్గర పడింది.

పాత పుస్తకంలో ఒక పేజీ మజ్జిగలా తెల్లగా ఉంటుంది, ఇంకోటి టీ ఒలికినట్టు ఉంటుంది. అన్నిటినీ ఒకే టోనులోకి తేవడం నాకు చేతనైన పనే. తీరా స్కాన్ చేస్తే ప్రతి పేజీకీ ఎడమ పక్క, పైన మసక!

గాజు తుడిచాను. మూత సరిగ్గా పడలేదేమోనని నల్లగుడ్డ కప్పాను. పుస్తకాన్ని తలకిందులుగా పెట్టినా మసక మళ్ళీ పేజీకి ఎడమ పక్కనే, పైనే. పోనీ కాగితం మీద ఉందా అంటే కంటికి ఏమీ కనబడదు. వేరే పుస్తకం పెడితే శుభ్రంగా వచ్చింది. స్కానర్లో వెలుగు కిందనుంచి వస్తుంది, పైనుంచి నీడ పడే వీలే లేదు. కంప్యూటర్లో సరిచేద్దామంటే మసకతోపాటు అక్షరాలూ పోతున్నాయి. అచ్చు వెయ్యాల్సిన ప్రెస్సువాడు ఫోన్ మీద ఫోన్. కుదురుగా కూర్చోలేక షాపులో అటూ ఇటూ తిరిగాను.

ఇక నా వల్ల కాదని చెప్పడానికి ఆవిడకి కబురు పెట్టాను. వచ్చి, తెర మీద పేజీలు ఒక్కొక్కటే చూశారు.

"అది ఆయన చెయ్యేనమ్మా," అన్నారు. "శుక్లాలు వచ్చేక కిటికీ వెలుగు చూళ్ళేకపోయేవారు. ఇలా ఎడమ చెయ్యి పేజీకి పైన అడ్డం పెట్టుకుని, ఆ నీడలో చదివేవారు."

నేను స్కానర్ దగ్గర్నుంచి ఓ అడుగు వెనక్కి వేశాను. ఆవిడ మాత్రం స్కానర్ దగ్గరికి వెళ్ళి, భోజనానికి లేవమన్నంత మామూలుగా అన్నారు. "ఏవండీ, చెయ్యి తియ్యండి. ఈ అమ్మాయి పని చేసుకోవాలి."

మళ్ళీ తీస్తే మొదటి పేజీ మల్లెపువ్వులా వచ్చింది. ఆ తర్వాతివీ అంతే. హమ్మయ్య అనుకుంటూ గబగబా కానిచ్చాను. తలెత్తి చూస్తే ఆవిడ ఏడుస్తున్నారు.

"ఒక్కసారి చెబితే వినే మనిషి కాదమ్మా ఎప్పుడూ. ఇప్పుడు విన్నారు చూడు."

ఒక్క పేజీ ఆ మసకతో మళ్ళీ తియ్యమని బతిమాలారు. తీశాను. తెల్లగానే వచ్చింది. మళ్ళీ తీశాను. అదే తెలుపు. చివరికి పనికిరావని పక్కన పెట్టిన స్కాన్లలోంచి మొదటి పేజీని అలాగే పుస్తకంలోకి ఎక్కించాను.

సంవత్సరీకం భోజనాల దగ్గర వాళ్ళ బంధువు ఒకాయన పుస్తకం తిరగేసి, "మొదటి పేజీ ఇలా నల్లగా వచ్చిందేంటమ్మా, ఎందుకలా వచ్చిందో తెలీదా నీకు?" అని నన్ను నిలదీశారు.

సుభద్రమ్మగారు నా వైపు చూశారు.

"ఆయ్, తెలీదండీ," అన్నాను. ఈనాటికీ తెలీదు.